‘స్టేషన్ పక్కనే’ అని ఇల్లు అమ్ముతున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి

రైలు స్టేషన్‌కి నడిచి ఐదు నిమిషాలే అన్న ప్రకటన చూసి ఇల్లు కొనబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేము ఆ ఒక్క మాట చూసే ఫ్లాట్ కొన్నాం. కొన్నప్పుడు మా ఇంట్లో ఒక కారు ఉండేది, దాన్నీ అమ్మేద్దామనుకున్నాం. ఇప్పుడు రెండు కార్లున్నాయి. రెండోదానికి ఈఎంఐ కడుతున్నాం.

బిల్డర్ పేరు చెప్పను. చెప్తే ఇది ఒక్క బిల్డర్ సంగతి అనుకుని మీరు ఇంకొకరి దగ్గర ధైర్యంగా సంతకం పెట్టేస్తారు. కారు లేకపోతే కాలు బయటపెట్టలేని నగరంలో, మ్యాపు మీద కొత్త లైను గీత పడగానే ఈ మాటతో ఎవరైనా అమ్మగలరు.

సేల్స్ ఆఫీసులో అద్దాల పెట్టెలో పెద్ద నమూనా పెట్టారు. మా టవర్, పక్కన పచ్చటి చెట్లు, చిన్న రైలు, రోడ్డు మీదుగా నడక వంతెన, ఆ వంతెన మీద వేలెడంత బొమ్మ మనుషులు. మా మామయ్యగారికి అప్పటికే చూపు తగ్గి, డ్రైవింగ్ మానేయమని డాక్టర్ చెప్పారు. ఆ వంతెన మీద ఆయన ఒక్కరే, ఎవరినీ అడగకుండా, తీరిగ్గా నడిచి వెళ్తున్నట్టు ఊహించుకున్నాను. నిజం చెప్పాలంటే నేను అప్పుడే కొనేశాను, సంతకాలు తర్వాత పెట్టాం. బ్రోషర్‌లో స్టేషన్ 600 మీటర్లు అని ఉంది. లైను రెండేళ్లలో వస్తుందన్నారు.

రెండేళ్లు కాస్తా ఐదయ్యాయి. లైను తెరిచిన మొదటి రోజు అందరం ఉత్సాహంగా బయల్దేరాం. మా బాల్కనీలోంచి స్టేషన్ కప్పు కనిపిస్తుంది, రైలు బయల్దేరే హారన్ కూడా వినిపిస్తుంది. కానీ మా గేటు రెండో వైపు ఉంది. స్టేషన్ వైపు ఉన్నదల్లా ఎత్తైన కాంపౌండ్ వాల్. గేటు దాటి వెనక్కి చుట్టి వస్తే ఎనిమిది వరుసల రోడ్డు, దాని మధ్యలో ఇనుప కంచె. సిగ్నల్ దాకా నడవాలి. అక్కడ దాటడానికి ఇచ్చే టైమ్‌లో మామయ్యగారు సగం రోడ్డే దాటగలిగారు, మధ్యలో డివైడర్ మీద నిలబడి ఇంకో సిగ్నల్ కోసం ఆగాం. అటువైపు చేరాక ఫుట్‌పాత్ లేదు. స్టేషన్‌కి ఉన్న ఒకే ఒక్క ద్వారం పార్కింగ్ స్థలానికి అవతల ఉంది. ఫోన్‌లో కొలిస్తే మొత్తం 2.1 కిలోమీటర్లు, 31 నిమిషాలు వచ్చింది. బ్రోషర్‌లోని 600 మీటర్లు మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన దూరం. గోడలో నుంచి, కంచెలో నుంచి దూసుకుపోగలిగినవాళ్లకి అది నిజమే.

మరి వంతెన? అడిగితే బ్రోషర్ చివరి పేజీ చూడమన్నారు. చీమతలకాయంత అక్షరాల్లో ‘పరిసరాల సదుపాయాలు ప్రతిపాదితం, చిత్రాలు ఊహాజనితం’ అని ఉంది. ‘ప్రతిపాదితం’ అన్న మాట ఎక్కడ కనపడినా ఆగండి. దాన్ని కడతామని ఎవరూ ఎవరికీ బాకీ లేరని దాని అర్థం. మేము దాని కింద సంతకం పెట్టాం.

ఇంతటితో అయిపోయిందనుకుంటే, రైళ్ల సంగతి ఇంకా ఉంది. పొద్దున నాలుగు రైళ్లు నగరంలోకి, సాయంత్రం నాలుగు వెనక్కి. మధ్యాహ్నం ఒక్కటీ లేదు. ఆదివారం అసలే లేదు. తొమ్మిది నుంచి ఐదు దాకా ఆఫీసు చేసేవాళ్ల కోసం మాత్రమే ఆ టైమ్ టేబుల్ రాశారు. మామయ్యగారికి పదకొండింటికి కంటి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంటే, పొద్దున చివరి రైలుకే వెళ్లి ఖాళీగా కూర్చుని, పని అయ్యాక మళ్లీ సాయంత్రం దాకా ఎదురుచూడాలి. ఒక్కసారి అలా వెళ్లారు. చీకటిపడ్డాక వచ్చి, ఏమీ అనకుండా చెప్పులు విప్పి మంచం మీద పడుకున్నారు. మర్నాడే మా ఆయన రెండో కారు గురించి ఫోన్ చేయడం మొదలుపెట్టారు.

ట్రిప్పులు పెంచరా అని అడిగాను, చాలామందిని అడిగాను. అప్పుడు తెలిసిన విషయం కొనేవాళ్లందరికీ ముందే తెలియాలి. మా లైను పాత గూడ్స్ లైను. ప్యాసింజర్ రైళ్లకి కొన్ని గంటలు మాత్రమే ఇచ్చారు, మిగతా టైమ్ సరుకు రైళ్లదే. పైగా చాలా దూరం సింగిల్ ట్రాక్. ఎదురెదురు రైళ్లు లూపు లైన్ల దగ్గర, అంటే ఒక రైలు పక్కకి తప్పుకుని ఆగే అదనపు పట్టాల దగ్గర మాత్రమే ఒకదాన్నొకటి దాటగలవు. ఒక లూపు నుంచి ఇంకో లూపుకి 15 నిమిషాలు పడుతుందనుకోండి, ఒక వైపుకి అరగంటకో రైలు కన్నా ఎక్కువ పంపడం కుదరదు. కొత్త పెట్టెలు కొన్నా, స్టేషన్‌కి రంగులు వేసినా ఆ లెక్క మారదు. రెండో ట్రాక్ వేయాలి, లేదా లూపులు పెంచాలి. ఇది బ్రోషర్లో ఎక్కడా ఉండదు. మీరే అడగాలి: ట్రాక్ ఎవరిది, సింగిలా డబులా, పగలంతా నడుపుతారా?

స్టేషన్ ఎంత దగ్గర అన్నదానికన్నా రైలు ఎంతసేపటికి ఒకటి అన్నది ముఖ్యం. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. పది నిమిషాలకో రైలు ఉంటే టైమ్ చూసుకోకుండా వెళ్లొచ్చు, సగటున ఐదు నిమిషాలే నిలబడతాం. గంటకొకటి అయితే రోజంతా ఆ టైమ్ టేబుల్ చుట్టూ తిరగాలి, మధ్యలో బస్సు మారాల్సి వస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. కెనడాలో వాంకూవర్‌లో 1986 నుంచి నడుస్తున్న స్కైట్రైన్‌లో డ్రైవర్లు ఉండరు. ఒక ట్రిప్పు పెంచాలంటే ఇంకో డ్రైవర్‌ని పెట్టక్కర్లేదు కాబట్టి చిన్న రైళ్లనే వెంటవెంటనే నడపగలుగుతున్నారు. ఇళ్లు కొనేవాళ్లు చూడాల్సింది అలాంటి సర్వీసు.

లైను ఆలస్యం కావడం మా ఒక్కరి దురదృష్టం కాదని కూడా తర్వాత చదివి తెలుసుకున్నాను. టొరంటోలో ఎగ్లింటన్ లైను పనులు 2011లో మొదలయ్యాయి, 2020లో తెరుస్తామన్నారు, 2024 అయిపోయినా తెరవలేదు. అమెరికాలో మేరీల్యాండ్‌లోని పర్పుల్ లైను 2017లో మొదలై 2022కి పూర్తి కావాలి. 2020లో నిర్మాణ కాంట్రాక్టర్ మధ్యలోనే వెళ్లిపోయాడు, గడువు ఏళ్ల తరబడి వెనక్కి జరిగింది. హోనలులూలో 2011లో శంకుస్థాపన చేస్తే మొదటి భాగం 2023 జూన్‌లో తెరిచారు, అది కూడా నగరం నడిబొడ్డు దాకా రాకుండా స్టేడియం దగ్గరే ఆగింది. ఇక సిన్సినాటిలో 1920లలో తవ్విన మెట్రో సొరంగం ఇప్పటికీ రోడ్డు కిందే ఉంది. అందులో ఒక్క ప్రయాణికుడు కూడా రైలెక్కలేదు. ఈ ఊళ్లలో లైను కట్టాలనుకున్నవాళ్లు దొంగలని నేను అనడం లేదు. భూమి కింద పైపులు బయటపడతాయి, కోర్టు కేసులు పడతాయి, ఖర్చు పెరుగుతుంది, ప్రభుత్వాలు మారతాయి. నా బాధల్లా ఆ తేదీని చూపించి ఇల్లు అమ్మేవాళ్ల గురించే. వాళ్లు చెప్పిన తేదీ తప్పితే నష్టం వాళ్లకి కాదు, ఇరవై ఏళ్ల లోన్ తీసుకున్న మనకి.

అందుకే ‘లైను మంజూరైంది’ అంటే ఏది మంజూరైందో అడగండి. సర్వే చేయడానికి అనుమతి వచ్చినా మంజూరైందనే అంటారు. డబ్బు కేటాయించారా, టెండరు పిలిచారా, కాంట్రాక్టు ఇచ్చారా, భూమి చేతికొచ్చిందా, పట్టాలు పడ్డాయా, ఖాళీ రైళ్లతో ట్రయల్ నడుస్తోందా? వీటిలో ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఏళ్లు గడుస్తాయి. ట్రయల్ రైళ్లు తిరగని లైనుకి నా లెక్కలో ఇంటి ధరలో ఒక్క పైసా ఎక్కువ ఇవ్వకూడదు. ఇంకో మాట. కట్టడానికి ఇచ్చే డబ్బు వేరు, నడపడానికి ఇచ్చే డబ్బు వేరు. స్టేషన్ ఘనంగా ప్రారంభించాక, రోజువారీ నడిపే బడ్జెట్‌లో కోత పడితే మొట్టమొదట పోయేవి రాత్రి ట్రిప్పులు, ఆదివారం ట్రిప్పులు. నడిపే ఖర్చు ఏటా ఎక్కడి నుంచి వస్తుందో సేల్స్ వాళ్లకి తెలియదు. రవాణా సంస్థ వార్షిక బడ్జెట్ పత్రాల్లో ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది.

బస్సుని చిన్నచూపు చూడకండి, నేను చూశాను. కొనే రోజుల్లో మా వీధి చివర బస్టాప్ ఉందని తెలిసినా పట్టించుకోలేదు, రైలు వస్తోంది కదా అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అది గడ్డిలో పాతిన ఒక స్తంభం, దాని మీద నంబరు. నీడ లేదు, కూర్చోవడానికి బల్ల లేదు. మామయ్యగారు ఆ స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని నలభై నిమిషాలు నిలబడతారు. ఆయన చెయ్యి పట్టుకునేచోట పెయింట్ అరిగి ఇనుము మెరుస్తోంది. ఆయనొక్కరి చెయ్యే అయ్యుండదు.

ఈ నగరాలు ఇంతే అని నేను అనుకోవడం లేదు. అమెరికాలో హ్యూస్టన్ పూర్తిగా కార్ల ఊరు. 2015 ఆగస్టులో అక్కడ బస్సు రూట్లన్నీ ఒక్క రాత్రిలో మార్చేశారు. మెలికలు తిరిగే పాత రూట్లు తీసేసి, తిన్నని రోడ్ల మీద పావుగంటకో బస్సు, అది కూడా వారమంతా నడిచేలా పెట్టారు. కొత్త పట్టాలు వేయాల్సిన పని లేకపోయింది. ఆస్ట్రేలియాలో పెర్త్ కూడా దూరదూరంగా పరుచుకున్న ఊరే. అక్కడ 2007 డిసెంబరులో తెరిచిన మండూరా లైను దాదాపు 70 కిలోమీటర్లు, చాలా భాగం ఫ్రీవే మధ్యలోనే వెళ్తుంది. మా స్టేషన్‌లాగే ఆ స్టేషన్లకీ పెద్ద రోడ్డే అడ్డం. తేడా ఏమిటంటే, అక్కడ బస్సులు స్టేషన్ దాకా వచ్చి రైలుకి ప్రయాణికుల్ని అందించేలా మొదటి నుంచే ప్లాన్ చేశారు. స్విట్జర్లాండ్‌లో 1982 నుంచి రైళ్లు ప్రతి గంటా అదే నిమిషానికి బయల్దేరేలా దేశమంతటా టైమ్ టేబుల్ పెట్టారు, ఒక రైలు దిగితే ఇంకోటి ఎదురుచూస్తూ ఉండేలా. ఇవేవీ అద్భుతాలు కావు. టైమ్ టేబుల్ రాసేవాళ్లు, గేటు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేవాళ్లు కారు లేని మనిషిని దృష్టిలో పెట్టుకుంటే జరిగే పనులు.

ఇక మీరు చేయాల్సింది. అడ్వాన్స్ ఇవ్వకముందు ఒక ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఆ ఇంటికి కారు లేకుండా వెళ్లండి, కారు లేకుండానే తిరిగి రండి. సేల్స్ వాళ్లు చూపించే టైమ్ శనివారం మధ్యాహ్నం, వాళ్ల కారులో. అది లెక్కలోకి రాదు. ఫ్లాట్ తలుపు నుంచి ప్లాట్‌ఫామ్ దాకా ఫోన్‌లో కొలుస్తూ నడవండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లతోనే నడిపించి టైమ్ చూడండి. సిగ్నల్ దగ్గర ఒక్కసారిలో రోడ్డు దాటగలుగుతున్నారా? స్టేషన్‌కి మీ వైపు ద్వారం ఉందా? మా టవర్‌లో ఫ్లాట్‌కి రెండు పార్కింగ్‌లు తప్పనిసరిగా అంటగట్టారు. స్టేషన్ పక్కనే అంటూ ప్రతి ఇంటికీ రెండు కార్ల చోటు ఎందుకు కట్టారని మేము ఆ రోజే అడగాల్సింది. చాలా నగరాల్లో అది నిబంధన, బిల్డర్ తప్పు కాదు. అమెరికాలో బఫెలో లాంటి ఊళ్లు 2017లోనే ఆ నిబంధన తీసేశాయి. అయినా ఎన్ని కార్లకి కట్టారో చూస్తే ఆ చోటు ఎవరి కోసమో అర్థమవుతుంది.

వంతెన, గేటు, షటిల్ బస్సు, ఏది ఇస్తామన్నా అగ్రిమెంట్‌లో తేదీతో సహా రాసివ్వమనండి. రాయకపోతే లేదనే అనుకుని ధర మాట్లాడండి. ‘అందరూ ఇలాగే కొంటున్నారు సార్, టెన్షన్ పడకండి’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మాకు కూడా అచ్చం అదే మాట చెప్పారు.

మేము ఇప్పుడు ఒకే ఒక్క పని మీద ఉన్నాం. ఆ కాంపౌండ్ వాల్‌లో మనిషి పట్టేంత గేటు, దానికి ఎదురుగా రోడ్డు దాటడానికి ఒక సిగ్నల్. ఈ రెండూ ఉంటే 31 నిమిషాలు పదికి దిగుతాయి. నూట ఎనభై సంతకాలు సేకరించాం, మొదటి సంతకం మామయ్యగారిది. గోడ అసోసియేషన్‌దంటారు, రోడ్డు ఒక శాఖదంటారు, అవతల ఫుట్‌పాత్ ఇంకో శాఖదంటారు, ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్లు మిగతా ఇద్దరి అనుమతి ముందు తెమ్మంటున్నారు. ఇలాంటి గోడలో గేటు తెరిపించినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ముందు ఎవరు ఒప్పుకున్నారో, ఏ కాగితం చూపిస్తే ఒప్పుకున్నారో దయచేసి నాకు చెప్పండి.