అసాకుసాలో నేలమీద కూర్చుని తిన్న చేపల కుంపటి: రెండు బిల్లుల కథ

టోక్యోలో అమ్మానాన్నలతో రెండు చోట్ల భోజనం చేశాం. ఒకచోట బిల్లు 33,000 యెన్‌లు, ఇంకోచోట 11,800. రెండుచోట్లా తిన్నది ముగ్గురమే. మొదటిచోట నాన్న ఆకలితో లేచారు, రెండోచోట ఇంకో మూకుడు చెప్పించుకుని తిన్నారు. ఇక్కడికి అమ్మానాన్నల్ని తీసుకొచ్చే తెలుగువాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు, వాళ్ళలో కొందరైనా ఆ మొదటిలాంటి చోటికి వెళ్ళి డబ్బు పోగొట్టుకోకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

మేముండేది నిషికసాయ్‌లో. మనవాళ్ళు బాగా ఉండే పేట, పప్పులు, మసాలాలు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి కాబట్టి ఇంట్లో తిండికి లోటు లేదు. కానీ మామిడిపళ్ళు వదులుకుని జూన్‌లో ఇంతదూరం వచ్చినవాళ్ళకి ఇక్కడి పాతకాలపు భోజనం ఒక్కటైనా సరిగ్గా పెట్టించాలని నాకు గట్టిగా ఉండింది. తెలిసినవాళ్ళు బాగుంటుందని చెబితే నగరం నడిబొడ్డున ఉన్న ఒక 'సంప్రదాయ విందు' హోటల్లో బుక్ చేశాం. పేరు రాయను. మనిషికి 8,800 యెన్‌ల కోర్సు. మమ్మల్ని చూడగానే టాయిలెట్‌కి వెళ్ళే దారి పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి, ప్లాస్టిక్ అట్ట వేసిన ఇంగ్లీషు మెనూ ఇచ్చారు. పక్క బల్లమీద జపనీస్ కుటుంబానికి ఇచ్చిన మెనూ వేరు, అందులో విడి వంటకాలున్నాయి, ధరలు కూడా తక్కువ. నాకు జపనీస్ చదవడం వచ్చు, ఆ మెనూ ఇవ్వమని అడిగాను. "మీకు ఇదే" అన్నాడు ఆ మనిషి, రెండోసారి అడిగినా అదే మాట. అరచేతంత పళ్ళెంలో రెండు ముక్కలు, తరవాత పావుగంట ఖాళీ, మళ్ళీ రెండు ముక్కలు. నాన్న గోడ గడియారం చూస్తూ కూర్చున్నారు. చివర్లో బిల్లు: కోర్సులు 26,400, సర్వీస్ ఛార్జి పది శాతం అంటే 2,640, కూర్చున్నందుకు మనిషికి 880 చొప్పున ఇంకో 2,640, అడగకుండా తెచ్చిపెట్టిన రెండు నీళ్ళ సీసాలకి 1,320. జపాన్‌లో మామూలు హోటళ్ళలో మంచినీళ్ళు ఊరికే ఇస్తారు, అడగక్కర్లేదు కూడా! ఇదేమిటంటే మెనూ వెనకవైపు అడుగున చీమతలంత అక్షరాలు చూపించాడు.

ఇక్కడి చిన్న మద్యం హోటళ్ళలో కూర్చోగానే ఒక చిన్న గిన్నెలో ఏదో పెట్టి మూడొందలో ఐదొందలో వేసే ఆచారం ఉంది. అది అందరికీ ఒకటే, దానిమీద నాకు కోపం లేదు. మొహం చూసి మెనూ మార్చడం మీద కోపం. ఆ 33,000 యెన్‌లంటే మన డబ్బులో దాదాపు పంతొమ్మిది వేలు. నాన్న ఆ లెక్క కట్టుకున్నారు, నేను చెప్పకపోయినా. ఇంటికొచ్చి అమ్మ పెరుగన్నం కలిపి ఆవకాయ వేసి పెడితే తిని, "ఇంక బయట తిండి వద్దమ్మా" అన్నారు. తరవాత ఎక్కడికి తీసుకెళ్ళినా ఆయన మొహంలో ఆ మాటే ఉండేది.

మా ఆఫీసులో ఒక పెద్దావిడ ఉన్నారు, పుట్టిపెరిగింది టోక్యోలోని పాత పేట అసాకుసా వైపే. ఈ సంగతి విని బాధపడి, మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగారు. మా ఊరు కొల్లేరు పక్కన, నాన్న ముందు వరి, తరవాత చేపల చెరువులు చేశారని చెప్పాను. "అయితే కొమకతా దోజోకి తీసుకెళ్ళు, ఆయనకి నచ్చకపోతే నన్నడుగు" అన్నారు.

కొమకతా దోజో 1801లో పెట్టిన హోటల్, దోజో అనే చిన్న చేప వండుతారు. సెన్సోజీ గుడికి వెళ్ళే పెద్ద దారిమీద, సుమిదా నదికి దగ్గర్లో ఉంటుంది. కొద్ది దూరంలోనే కురమాయె, షోగున్లనే సైనికాధిపతులు పాలించిన కాలంలో ప్రభుత్వ ధాన్యపు గిడ్డంగులు ఉండిన చోటు. అంటే గుడికొచ్చే జనం, కూలిపని చేసేవాళ్ళు, పడవలవాళ్ళు తిరిగే దారిలో కడుపునిండా తిండి పెట్టడానికి పెట్టిన హోటల్ ఇది, రాజుల విందు కాదు. మొదట పెట్టినాయన పేరు ఎచిగోయా సుకెషిచి, తరవాత నడిపిన ప్రతి తరం యజమానీ అదే పేరు పెట్టుకుంటూ వస్తున్నారు. 1923 భూకంపంలో ఒకసారి, 1945 బాంబుదాడుల్లో ఇంకోసారి కట్టడం పోయింది. ఇప్పుడున్నది 1964లో పాతకాలపు వర్తకుల ఇంటి పద్ధతిలో కట్టింది. రైల్లో ఇదంతా చెబుతుంటే నాన్న మొదటిసారి ఆసక్తిగా, "ధవళేశ్వరం ఆనకట్ట 1852లో అయింది కదా, దానికి యాభై ఏళ్ళ ముందునుంచీ వండుతున్నారన్నమాట" అన్నారు. ఆయన లెక్కలన్నీ ఆనకట్టకి ముందు, ఆనకట్టకి తరవాత.

పొద్దున గుడి చూశాం, వాన పడుతోంది, రద్దీ మామూలే. పదకొండింటికి హోటల్ తెరిచే వేళకి గుమ్మం ముందున్నాం. చుట్టూ అద్దాల మేడలు, మధ్యలో రెండంతస్తుల నల్లటి చెక్క ఇల్లు, గుమ్మానికి తెల్ల గుడ్డ తెర. లోపలికెళ్ళగానే ఒకాయన మన చెప్పులు తీసుకుని టోకెన్ ఇస్తాడు. కింది హాలంతా పేము చాప పరిచిన నేల. దానిమీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా పొడుగాటి చెక్క పలకలు పరిచి ఉంటాయి, కాళ్ళుండవు. పలకకి అటూ ఇటూ పల్చటి దిండ్లు. ఎవరి పక్కన ఖాళీ ఉంటే వాళ్ళ పక్కన కూర్చోవాలి. మా పక్కన సూటు వేసుకున్న ఆఫీసాయన ఒక్కడే తింటున్నాడు, ఎదురుగా ముసలి దంపతులు. నాన్న బాసింపట్టు వేసుకుని సర్దుకుని కూర్చోగానే ఆయన భుజాలు దిగాయి. ఇక్కడికొచ్చాక ప్రతిచోటా ఎత్తు కుర్చీలు, ఇరుకు బల్లలే, నేలమీద కూర్చుని తినడం ఇదే మొదలు. అమ్మకి మాత్రం మోకాళ్ళు ఇబ్బంది పెట్టాయి. కిమోనో వేసుకున్న వడ్డించే ఆవిడ చూసి, అడగకుండానే ఇంకో రెండు దిండ్లు తెచ్చి ఎత్తుగా వేసింది.

మెనూ అందరికీ ఒకటే. ఇంగ్లీషులో ఉన్నదీ నేను జపనీస్‌లో ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూశాను, ధరలు తేడా లేవు. ఆ పూట అది చూసుకోవడమే నాకు ముఖ్యం అయింది.

దోజో అంటే వేలంత పొడుగు, పెన్సిలంత లావు బురద చేప, మూతి దగ్గర చిన్న మీసాలుంటాయి. వరిచేలల్లో, పంటబోదెల్లో బతికేది. బతికున్న చేపల్ని సాకే అనే బియ్యపు మద్యంలో వేసి మూతపెడతారు, అవి మత్తెక్కి కదలకుండా అయిపోయాక మీసో అనే పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన తియ్యటి పులుసులో సన్నటి సెగమీద ముల్లు కూడా మెత్తబడేదాకా ఉడికిస్తారు. ఆ ఉడికిన చేపల్ని తలా తోకా ఉంచే లోతులేని చిన్న ఇనప మూకుట్లో వరసగా పేర్చి, బొగ్గుల కుంపటితో సహా మన ముందు పెడతారు. పక్కన చెక్కపెట్టె నిండా తరిగిన ఉల్లికాడలు, ఇంకో పెట్టెలో సన్షో అనే ఘాటైన కాయల పొడి, ఏడు దినుసుల కారం. ఉల్లికాడలు చేపలు కనబడనంతగా కుప్పపోసి, అవి వాడేదాకా ఆగి, చేపతో కలిపి తినాలి. పులుసు ఇగిరిపోతుంటే పక్కన కూజాలోని సోయా పులుసు మనమే పోసుకోవాలి. నేను కొంచెం పోసి ఊరుకుంటే పక్కన సూటాయన ఇంకా పొయ్యమని సైగచేసి, మళ్ళీ ఉల్లికాడలు తనే వేసి చూపించాడు.

నాన్న మొదటి చేప నోట్లో పెట్టుకుని ఏమీ మాట్లాడలేదు. రెండోది తిని, "ముల్లు తెలీట్లేదు" అన్నారు. తరవాత, "బురద వాసన లేదు, జిగురు ఎలా తీశారో అడుగు" అన్నారు. మన దగ్గర జెల్లలూ కొర్రమీనూ రాళ్ళ ఉప్పేసి బండమీద రుద్ది రుద్ది కడుగుతారు, ఆయన అడిగింది అందుకు. వడ్డించే ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వచ్చి మరీ చెప్పింది: మంచినీళ్ళలో ఉంచి కడుపు శుభ్రపడనిస్తారు, తరవాత సాకే పని సాకే చేస్తుంది, మిగిలిన వాసన మీసో లాగేస్తుంది అని. రుచి ఎలా ఉంటుందంటే, మెత్తగా, తియ్యతియ్యగా, చివర్లో కడుపుభాగం దగ్గర కొద్దిగా చేదు. జూన్‌లో వెళ్ళాం కాబట్టి కొన్నింట్లో జన కూడా ఉంది, వేసవే ఈ చేపకి మంచి రోజులు. తీపి ఎక్కువనిపిస్తే సన్షో వేసుకోండి, నాలుక చిమచిమలాడుతుంది, చేదూ తీపీ రెండూ సర్దుకుంటాయి. మెత్తళ్ళు మామిడికాయ తిని పెరిగిన నాలుకకి పులుపు లేని లోటు ఒకటి తెలుస్తుంది, అది ఒప్పుకోవాలి.

అమ్మ ఆ మూకుడు చూసి మొహం తిప్పేసుకుంది. చేపలు తింటుంది గానీ తలలన్నీ తనవైపే చూస్తున్నట్టున్నాయట. ఆవిడకి యనగావా చెప్పాం: ముల్లు తీసి చీల్చిన చేపముక్కలు, సన్నగా తరిగిన గోబో అనే దుంపవేరు, పైన గుడ్డు కొట్టిపోసి మట్టిమూకుట్లో ఉడికించింది. చేప ఆకారం కనబడదు, గుడ్డు పులుసులా ఉంటుంది. అన్నంలో కలుపుకుని గిన్నె ఖాళీ చేసింది. భయపడేవాళ్ళు మీతో ఉంటే ఇదే చెప్పండి. మీసో చారులో కూడా దోజో వేసినది ఉంటుంది, చెప్పేముందు అడగండి. మెనూలో తిమింగలం వంటలు కూడా ఉన్నాయి, మేము ముట్టుకోలేదు.

రెండో మూకుడు ఉడుకుతుండగా నాన్న చిన్నప్పటి సంగతులు మొదలుపెట్టారు. చేలోకి నీళ్ళు వదిలితే బోదె నోటి దగ్గర మావు పెట్టి చిన్న చేపలు పట్టడం, ఇంటికి తెచ్చేసరికి గంపలో ఇంకా ఎగురుతుండటం. ఇప్పుడు ఆ బోదెల్లో ఏమీ లేవు, మందులు కొట్టి కొట్టి. ఇక్కడా అంతే జరిగింది. మందులూ, కాలవలకి సిమెంటు గోడలూ, మడులు ఎండబెట్టి చేసే సాగూ వచ్చాక చేలల్లో దోజో బాగా తగ్గిపోయింది, ఇప్పుడు చెరువుల్లో పెంచినదే ఎక్కువ. ఆ మాట చెప్పగానే, ఇంత చిన్న చేపకి మేత ఏం వేస్తారు, ఎకరానికి ఎంత పిల్ల వదుల్తారు అని ప్రశ్నలు. ఆ లెక్కలు నాకు రావు, వడ్డించే ఆవిడకీ రావు. ఎదురుగా ఉన్న ముసలాయన మాత్రం నా ద్వారా నాన్నతో వానల గురించీ వరి గురించీ చాలాసేపు మాట్లాడాడు. ఆయనది కూడా చిన్నప్పుడు పల్లెటూరే.

బిల్లు 11,800 యెన్‌లు. మా బిల్లులో మూకుడు ఒక్కొక్కటి మూడు వేల చుట్టుపక్కల పడింది, దానికి అమ్మ యనగావా, అన్నాలు, చార్లు, నాన్నకి ఒక చిన్న సాకే. పైన వేరే ఏ ఛార్జీ లేదు. జపాన్‌లో టిప్పు ఇచ్చే అలవాటు లేదు, ఇవ్వబోతే ఇబ్బంది పడతారు, ఇవ్వకండి. చౌక అని చెప్పను, ఒక పూట మధ్యాహ్న భోజనానికి ఇది నాకు ఎక్కువే. కానీ ఎంత పడుతుందో ముందే తెలుసు, అంతే పడింది, కడుపు నిండింది.

అక్కణ్ణుంచి నడిచి అసాకుసా బజారులో యగెన్‌బోరికి వెళ్ళాం. 1625లో మొదలైన కారప్పొడి కొట్టు, ఏడు దినుసులూ మన కళ్ళముందే కలిపి ఇస్తారు, కారం ఎంత కావాలో చెప్పొచ్చు. అమ్మ ఎక్కువ కారం కలిపించుకుంది, ఇంట్లో చేపల వేపుడు మీద చల్లితే బాగుంది.

శాకాహారులైతే కొమకతా దోజోకి రావద్దు, తినడానికి దాదాపు ఏమీ ఉండదు. అన్నం తప్ప మిగతావాటిలో చేప నీళ్ళు ఉంటాయనే అనుకోవాలి, అది టోక్యోలో ఏ పాత హోటల్‌కైనా వర్తిస్తుంది. అలాంటివాళ్ళని ఇరియా దగ్గరున్న బోన్ అనే చోటికి తీసుకెళ్ళండి, బౌద్ధ మఠాల పద్ధతి శాకాహార భోజనం, ముందే బుక్ చేసుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే కొమకతాలో గుమ్మం దగ్గరే కుర్చీల గది అడగండి, ఉంది. కాళ్ళు ముడవగలిగితే మాత్రం కింది హాలే. తోయె అసాకుసా లైన్ రైల్లో అసాకుసా స్టేషన్‌లో దిగితే ఎ1 గేటు నుంచి రెండు మూడు నిమిషాల నడక. శని, ఆదివారాలు వద్దు, మామూలు రోజున తెరిచే వేళకి వెళ్ళండి. నాన్న తిరుగు ప్రయాణానికి ముందు ఇంకోసారి తీసుకెళ్ళమన్నారు. ఈసారి కూడా చీల్చినది కాదట, మళ్ళీ తలా తోకా ఉన్నదే కావాలట.