గట్టి అట్టా, పేపర్‌బ్యాకా: ఏది మేలు?

ఒకే పుస్తకం గట్టి అట్టతో ఒకటి, పేపర్‌బ్యాక్ ఒకటి పక్కపక్కనే ఉంటే ఏది కొనాలని మిత్రులు అడుగుతుంటారు. నా జవాబు పుస్తకాన్ని బట్టి మారుతుంది గానీ నేను చూసే చోటు మాత్రం మారదు. ముందు వెన్ను, అంటే కాగితాలన్నీ కలిసే అంచు చూస్తాను.

పేపర్‌బ్యాక్ అంటే కాగితపు అట్ట పుస్తకం. నిజానికి ఆ అట్ట మొదట్లో తాత్కాలికమే. యూరప్‌లో చాలా పుస్తకాలు పల్చని కాగితం చుట్టి అమ్మేవారు, కొన్నవాళ్లు తమకిష్టమైన తోలుతో బైండు చేయించుకునేవారు. జర్మనీలో లైప్‌జిగ్‌లోని తౌఖ్నిట్స్ సంస్థ 1841 నుంచి ఇంగ్లీషు రచనలను కాగితపు అట్టలతో ప్రయాణికులకు అమ్మింది. 1932లో ఆల్బట్రాస్ సంస్థ 181 మి.మీ. ఎత్తు, 111 మి.మీ. వెడల్పు కొలతను, ఒక్కో రకానికి ఒక్కో రంగును తెచ్చింది. ఆ బాటలోనే 1935లో అలెన్ లేన్ లండన్‌లో పెంగ్విన్ పేరుతో పది పుస్తకాలు విడుదల చేశాడు. ధర ఆరు పెన్నీలు. అప్పట్లో గట్టి అట్టతో కొత్త నవల ఏడున్నర షిల్లింగులు (షిల్లింగుకు పన్నెండు పెన్నీలు), అంటే పదిహేను రెట్లు! అంత సొమ్ము పెట్టలేనివాడి చేతికి కూడా మంచి సాహిత్యం అందిందంటే ఈ కాగితపు అట్ట పుణ్యమే. 1937లో పెంగ్విన్ వారే మొదలుపెట్టిన పెలికాన్ పుస్తకాల సంపాదకుల్లో మన వి.కె. కృష్ణ మీనన్ ఉన్నారని గుర్తొచ్చినప్పుడల్లా నాకు సంతోషం.

కాబట్టి ధర, బరువు, బస్సులో చదవడం ఈ మూడింట్లో నా ఓటు పేపర్‌బ్యాక్‌కే. పడుకుని గుండెల మీద పెట్టుకుని చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మన్నిక దగ్గరే పేచీ. నేను ఇష్టపడి కొన్న ఒక కథల పుస్తకాన్ని రెండో వేసవిలో తీసి మధ్యకు తెరిచాను. వెన్నులో టప్‌మని చప్పుడు. ఎండి పెళుసెక్కిన జిగురు పగిలి కాగితాలు ఒక్కొక్కటే ఒళ్లో పడ్డాయి. ఇలా జిగురుతోనే అంటించడాన్ని పర్‌ఫెక్ట్ బైండింగ్ అంటారు. ఫారాల (మడిచిన కాగితాల కట్టల) మడతలను వెన్నువైపు కోసేసి, అంచును గరుకు చేసి, వేడి జిగురు పూసి అట్ట అంటిస్తారు. కోత పడ్డాక ఏ కాగితానికా కాగితం విడి. జిగురు పట్టు తప్పితే ఆపే దారం ఉండదు.

కుట్టు బైండింగ్ అలా కాదు. పుస్తకాన్ని పైనుంచి చూడండి: వెన్ను దగ్గర చిన్న చిన్న మడతలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో ఫారం మధ్యకు తెరిస్తే దారం కనబడుతుంది. అసలు సంగతేమిటంటే, ఈ కుట్టు మెత్తని అట్ట కిందా ఉండొచ్చు, గట్టి అట్ట కింద లేకపోనూ వచ్చు. బంగారు అక్షరాల అట్ట వేసి లోపల జిగురుతో సరిపెట్టిన పుస్తకాలు చూశాను. వాటికి ఎక్కువ ధర పెట్టడం శుద్ధ దండగ. పైగా గట్టి అట్టలకు మైదా జిగురు వాడితే పురుగు చేరుతుంది, మన కోస్తా తేమలో మరీ త్వరగా.

నిఘంటువు, భారతం, పిల్లలకు మిగలాల్సిన పుస్తకం అయితే కుట్టుతో ఉన్న గట్టి అట్ట కొనండి. పదేపదే తిరగేసే కవిత్వానికి కుట్టు వేసిన పేపర్‌బ్యాక్ దొరికితే అంతకు మించింది లేదు. ఒకసారి చదివి స్నేహితుడికిచ్చే నవలకు జిగురు బైండింగ్ చాలు.

ఇక ఒళ్లో రాలిన ఆ కథల పుస్తకం సంగతి. మా ఊళ్లో ఒక పెద్దాయన దాని వెన్ను పక్కగా బెజ్జాలు వేసి, నూలు దారంతో కుట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో కొత్త అట్ట వేసిచ్చారు. లోపలి మార్జిన్ కొంచెం తగ్గింది, పూర్తిగా పరుచుకోదు. కానీ కాగితం ఒక్కటి కూడా ఊడలేదు.