సెమినరీ ప్లస్ డిగ్రీ అన్నారని పిల్లాణ్ణి పంపేస్తున్నారా? చిత్తూరు, తిరుపతి వైపు వాళ్ళకు ఒక జాగ్రత్త

ఇంటర్ రిజల్ట్స్ రాగానే మన విచారణల్లో (చర్చి పరిధుల్లో) వొకేషన్ క్యాంపులు, అంటే కుర్రాళ్ళను ఫాదర్ చదువు చెప్పే సెమినరీకి పిలిచే క్యాంపులు, మొదలవుతాయి. "సెమినరీ ప్లస్ డిగ్రీ, భోజనం, వసతి, ఇంగ్లీషులో శిక్షణ" అని కరపత్రం చేతికొస్తే, ఒరిజినల్ సర్టిఫికెట్లు కవర్లో పెట్టుకుని బస్సెక్కే ముందు ఇది చదవండి. చిత్తూరు జిల్లాలో అలాంటి ఒక చిన్న చోట చేరి, మధ్యలో బయటికొచ్చినవాణ్ణి నేను. సంస్థ పేరు రాయను. ఇలాంటి ఇళ్ళు బోర్డు మార్చుకోవడం పెద్ద పనేం కాదు, పేరు గుర్తుపెట్టుకుని లాభం లేదు, తీరు గుర్తుపట్టాలి.

శ్రీసభ (కథోలిక చర్చి) మీద కోపంతో రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళిష్టం. ఆదివారం పూజకు ఇప్పటికీ వెళ్తున్నా. మా విచారణ ఫాదర్ పూనుకోకపోతే నా పదో తరగతి మెమో ఇంకా ఆ ఆఫీసు బీరువాలోనే ఉండేది.

కరపత్రం మాత్రం బాగా వేశారు. పైన కార్డినల్ పూల ఆంతోని గారి ఫోటో. కడప మేత్రాసనంలో (బిషప్ పరిధిలో) గురువుగా, అంటే ఫాదర్‌గా మొదలై, 2022 ఆగస్టు 27న కార్డినల్ (పోపు తర్వాత పెద్ద హోదా) అయిన తొలి తెలుగువారాయన. ఆ ఫోటో చూస్తే మన ఇళ్ళలో అమ్మలు ఇంకేం చదవరు. ఆయనకూ ఈ సంస్థకూ ఏం సంబంధమో కరపత్రంలో ఒక్క ముక్క లేదు. కింద పెద్ద అక్షరాలతో "బి.ఎ. ఫిలాసఫీ" అని ఉంది, ఏ యూనివర్సిటీదో లేదు. క్యాంపులో మా నాయన లేచి అదే అడిగాడు. "బిడ్డను దేవుడికిస్తున్నారు, మిగతాది దేవుడు చూసుకోడా?" అన్నారు. మా నాయన దండం పెట్టి కూర్చున్నాడు. మీకు అలాంటి జవాబొస్తే కూర్చోకండి, ఇంకోసారి అడగండి.

చేరాక రోజువారీ బతుకు గురించి నాకు ఫిర్యాదేం లేదు. అయిదుకు గంట, ధ్యానం, పూజ, ఊడ్చి తుడవడం, క్లాసులు, సాయంత్రం తోటపని, జపమాల, తొమ్మిదిన్నరకు లైట్లు బంద్. ఫోన్లు తీసేసుకుంటారు. ఏ సెమినరీలోనైనా కాస్త అటూ ఇటూగా ఇదే పద్ధతి. వారమంతా సాంబారే సాంబారు, అదీ సర్దుకుపోవచ్చు.

చదువు దగ్గరే అసలు బండారం బయటపడింది. లాజిక్ చెప్పాల్సిన ఫాదర్ ఎప్పుడూ చందాల కోసం ఊళ్ళమీదే ఉండేవారు. మాకిచ్చిన నోట్సు జిరాక్సుకు జిరాక్సు. అంచుల్లో అక్షరాలు సగం తెగిపోయి, మొదటి పేజీ మీద బెంగళూరులోని ఇంకేదో సెమినరీ లైబ్రరీ ముద్ర మసగ్గా కనిపించేది. మామిడి కాయలు కోతకొస్తే క్లాసులు లేనట్టే, తోతాపురి క్రేట్లు లారీకెత్తడమే మా ఫిలాసఫీ. తోటపని చేయించడం తప్పని అనను, మా ఇంట్లోనూ చేసేవాణ్ణే. కానీ శిక్షణ పేరు చెప్పి కూలి డబ్బులు మిగుల్చుకుంటే దాన్ని శిక్షణ అనరు.

ఏడాది చివర మార్కుల మెమో ఇచ్చారు. మామూలు ఏ4 కాగితం. పైన సంస్థ లెటర్‌హెడ్, కింద రెక్టర్ (సెమినరీ పెద్ద) సంతకం, ఊదారంగు రబ్బరు స్టాంపు. హాల్ టికెట్ నంబరు లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు, యూనివర్సిటీ పేరు లేదు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో చదివే మా మామ కొడుక్కి చూపిస్తే, వాడు తిప్పి తిప్పి చూసి, "ఒరే, ఇట్లాంటిది నెట్ సెంటర్లో నేనూ కొట్టించుకోగలను కదరా" అన్నాడు.

చాలా కుటుంబాలు ఇక్కడే మోసపోతున్నాయి కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను. మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం అందరికీ ఉండదు. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం కేంద్ర చట్టంతోనో రాష్ట్ర చట్టంతోనో ఏర్పడ్డ యూనివర్సిటీలు, డీమ్డ్ యూనివర్సిటీలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే ఇవ్వాలి. సెమినరీల్లో ఇంకోరకం డిగ్రీ కూడా ఉంటుంది. బెంగళూరు ధర్మారాం, పుణె జ్ఞానదీప లాంటి చోట్ల రోము అధికారంతో బి.పిహెచ్. (ఫిలాసఫీ), బి.టిహెచ్. (థియాలజీ, అంటే దైవశాస్త్రం) ఇస్తారు. అవి నకిలీవేం కావు, శ్రీసభలో వాటి విలువ వాటికుంది, పైచదువులకు పనికొస్తాయి. కానీ రేపు ఫాదర్ కాకుండా బయటికొచ్చి గ్రూప్స్‌కో, బి.ఇడి.కో దరఖాస్తు పెట్టుకుంటే అక్కడ అడిగేది యూనివర్సిటీ డిగ్రీ. అందుకే పద్ధతిగా నడిచే సెమినరీల్లో ఫిలాసఫీతో పాటు ఏదో ఒక యూనివర్సిటీలోనో, ఇగ్నో లాంటి ఓపెన్ యూనివర్సిటీలోనో బి.ఎ. కట్టిస్తారు. మా దగ్గర రోము డిగ్రీ లేదు, యూనివర్సిటీ డిగ్రీ లేదు. "కట్టేశాం, నంబర్లు వస్తాయి" అనే మాట ఒక్కటే ఉండేది.

యూజీసీ ఏటా నకిలీ యూనివర్సిటీల జాబితా వేస్తుంది. కొన్నేళ్ళుగా మన రాష్ట్రం కింద కనిపించే పేర్లు గుంటూరులోని క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ, విశాఖపట్నంలోని బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా. నేను చదివిన చోటుకూ వీటికీ సంబంధం లేదు. పేరులో క్రీస్తు, బైబిలు ఉన్నంత మాత్రాన డిగ్రీ చెల్లదని చెప్పడానికే రాశాను.

డిగ్రీ కన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటుంది, అది క్యాంపులో ఎవరూ అడగలేదు. వీళ్ళు ఎవరి కోసం చదివిస్తున్నారు? ఫాదర్ అయ్యేవాడు ఏదో ఒక మేత్రాసనానికి చెందాలి, లేదా ఆమోదం పొందిన ఒక సన్యాస సభకు (మాటపట్టు ఇచ్చి కలిసి బతికే ఫాదర్ల, బ్రదర్ల సంఘానికి) చెందాలి. ఎవరికీ చెందని గురువు ఉండకూడదని శ్రీసభ చట్టంలో 265వ కానన్ (నిబంధన) చెప్తుంది. సన్యాస సభ ఎక్కడైనా ఇల్లు పెట్టాలంటే అక్కడి మేత్రాణుల (బిషప్) లిఖిత అనుమతి ముందే ఉండాలని 609వ కానన్. మా ఇంటి బోర్డు మీద సభ పేరే ఉండేది. తీరా కాగితాలు చూస్తే అదొక ట్రస్టు. గట్టిగా అడిగితే, "మాది కొత్త సభ, రోము అనుమతి వస్తోంది" అన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! అనుమతే రాని సభలో మాకు గురుపట్టాభిషేకం ఎవరు చేస్తారు, ఎవరి పేరు మీద చేస్తారు? "మీ విచారణలోనే క్యాంపు పెట్టాం కదా" అని ఒక సమాధానం చెప్పేవారు. హాలు వాడుకోనిచ్చినంత మాత్రాన అది మేత్రాణుల అనుమతి అయిపోదు.

"ఆరేళ్ళలో ఫాదర్ అయిపోతావు తమ్ముడూ" అన్న మాట కూడా గుర్తుపెట్టుకోండి. ఇంటర్ అయ్యేసరికి మనకు పదిహేడో పద్దెనిమిదో. గురుపట్టానికి 25 ఏళ్ళు నిండాలి, అది 1031వ కానన్. ఫిలాసఫీ, థియాలజీ కలిపి ఆరేళ్ళకు తగ్గకూడదు. దానికి ముందు తయారీ ఏడాది, సభ అయితే నోవిషియేట్ (సభలో చేరే ముందు శిక్షణ), మధ్యలో రీజెన్సీ (చదువు ఆపి బయట పని నేర్చుకునే కాలం). ఇంటర్ తర్వాత దాదాపు పదేళ్ళ మాట. వేళ్ళ మీద లెక్కేసినా ఆరేళ్ళు కుదరదు. ఆ మాట చెప్పినవాళ్ళకు లెక్క రాకనా?

డబ్బు సంగతి చెప్తే మా అమ్మకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఉచితమని చేర్చుకుని, తర్వాత మెస్ అని, పుస్తకాలని, అంగీ కుట్టించాలని నెలనెలా తీసుకున్నారు. క్రిస్మస్‌కు ముందు మా అందరితో విదేశాల్లోని దాతలకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాయించేవారు. బోర్డు మీద రాసింది దించుకోవడమే. నేను దించుకున్న దాంట్లో నాకు తల్లీ తండ్రీ లేరని ఉంది. ఆ వారమే మా నాయన వచ్చి, వరండాలో నిలబడి, మెస్ డబ్బులు కట్టి వెళ్ళాడు. నేను ఆ లైను కొట్టేసి ఇస్తే కాగితం చించి కొత్తది చేతికిచ్చారు. విదేశీ విరాళాలు తీసుకోవాలంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. ఉందా అని అడిగిన ఒక బ్రదర్‌కు (మాతో చదివే కుర్రాడికి) మర్నాటి నుంచి పశువుల కొట్టం డ్యూటీ వేశారు.

వెళ్ళిపోతానన్న రోజు నుంచి సర్టిఫికెట్ల గొడవ. చేరేటప్పుడు పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్ అన్నీ ఒరిజినల్సే తీసుకున్నారు, రశీదు ఇవ్వలేదు. "ఇన్నాళ్ళ తిండి ఖర్చు కట్టి తీసుకెళ్ళు" అన్నారు. చేరిన రోజు ఇంగ్లీషులో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, అదే బాండ్ అట. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని 2018లో యూజీసీ గట్టిగా చెప్పింది, కానీ అది యూజీసీ కిందికొచ్చే కాలేజీలకు. వీళ్ళు దేని కిందికీ రారు. చిత్తూరులో ఒక లాయర్ దగ్గరికి వెళ్తే, వినియోగదారుల కోర్టు మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. చదువు చెప్పడం ఆ చట్టం కింద సేవ కాదని 2010లో మహర్షి దయానంద్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు అన్న మాట ఇప్పటికీ అడ్డం వస్తుందట. నోటీసు మాత్రం పంపాడు. దాంతోపాటు మా విచారణ ఫాదర్ ఆ ట్రస్టు పెద్దకు స్వయంగా ఫోన్ చేశారు. ఏది పనిచేసిందో తెలియదు గానీ కవరు చేతికొచ్చింది. కులం సర్టిఫికెట్ అందులో లేదు, మళ్ళీ సచివాలయం చుట్టూ తిరిగి తెచ్చుకున్నా. డిగ్రీలో చేరడానికి నోటరీ దగ్గర గ్యాప్ అఫిడవిట్ చేయించుకోవాల్సి వచ్చింది. ఆ చదువు ఎక్కడా చదువు కింద లెక్కలోకి రాలేదు మరి.

కులం సర్టిఫికెట్ అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు, వాళ్ళ రిజర్వేషన్ 1 శాతం. సెమినరీ అప్లికేషన్‌కు జ్ఞానస్నానం సర్టిఫికెట్, భద్రమైన అభ్యంగనం సర్టిఫికెట్ తప్పనిసరి. ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు దాని పక్కనే జ్ఞానస్నానం సర్టిఫికెట్ పెట్టినట్టవుతుంది. ఏ కాగితం పక్కన ఏది పెడుతున్నారో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే నింపండి.

నాతో పాటు బయటికొచ్చిన ఒక బ్రదర్ పరిస్థితి ఇంకా కష్టం. వాడికి నిజంగానే పిలుపు ఉంది, మేత్రాసనం తరఫున చేరాలనుకున్నాడు. ఒక సెమినరీ నుంచి వచ్చేసినవాణ్ణి లేదా పంపేసినవాణ్ణి ఇంకోచోట చేర్చుకోవాలంటే పాత చోటి పెద్దల నుంచి లేఖ రావాలి. వాళ్ళు ఇవ్వరు, ‘ఇవ్వం’ అని కూడా తేల్చి చెప్పరు. కాబట్టి ఎవరైనా ఇప్పుడు లోపల ఉండి వచ్చేయాలనుకుంటే, గొడవపడి గోడ దూకి రాకండి. రాతపూర్వకంగా చెప్పి, జవాబు రాతలోనే అడగండి. ఉండమని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. పదో తరగతి కాగానే పంపుతున్నవాళ్ళు ఇంకో విషయం చూసుకోండి. ఫోన్ ఆదివారమే ఇస్తామంటే ఫరవాలేదు, పక్కన ఎవరో నిలబడి వింటుంటేనే మాట్లాడాలంటే ఒప్పుకోవద్దు. పద్దెనిమిది లోపు పిల్లలకు ఇబ్బంది ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

చేరేటప్పుడు జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. మెమోలు డిజిలాకర్‌లో పెట్టుకోండి. బి.ఎ. ఏ యూనివర్సిటీదో చెప్పమని, గత బ్యాచ్‌లో ఎవరిదైనా హాల్ టికెట్ చూపించమని అడగండి, ఉన్నవాళ్ళు నిమిషంలో చూపిస్తారు. ఎటూ తేలకపోతే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో పేరు రిజిస్టర్ చేసి ఉంచండి. మేత్రాసనం ఆఫీసుకు ఫోన్ చేయడానికి మొహమాటపడొద్దు. పాత చిత్తూరు జిల్లా కడప మేత్రాసనం కిందికి వస్తుంది. తిరుపతి జిల్లాలో కొత్తగా కలిసిన నాయుడుపేట, సూళ్ళూరుపేట వైపు వాళ్ళది నెల్లూరు మేత్రాసనం. ఫోన్ చేసినప్పుడు కరపత్రం మీది పేరుతో పాటు రశీదు పుస్తకం మీది పేరు కూడా చదివి వినిపించండి. మా దగ్గర ఆ రెండూ వేర్వేరు.