కోఠి గుజరాతీ గల్లీల 5.1 యాంప్లిఫయర్ సామాన్లు కొన్న, హమ్ పోయింది

5 కి 4 స్టార్లు ఇస్తున్న, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించిన్నో కింద చెప్త.

ఇంట్ల సొంతంగ 5.1 యాంప్లిఫయర్ (ఐదు మామూలు స్పీకర్లు, బేస్‌కి ఒక సబ్‌వూఫర్ నడిపేది) కట్టుకుందామని రెండు నెలల నుంచి తిప్పలు పడుతున్న. ఐదు చానళ్లకి ఐదు టీడీఏ7294 (సౌండ్ పెంచే ఐసీ) బోర్డులు, సబ్‌వూఫర్‌కి సీ5200 ఏ1943 ట్రాన్సిస్టర్ల బోర్డు, టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్‌తోని సౌండ్ తీస్కొని చానళ్లుగ విడదీసే డీకోడర్ బోర్డు, అన్నీ ఆన్‌లైన్‌ల తెప్పిచ్చి బిగించిన. పాట మంచిగనే వస్తది కానీ వెనక గుయ్ మని ఒకటే హమ్, వాల్యూమ్ మొత్తం తగ్గించినా పోదు, రాత్రి పూట అయితే పక్క రూములకి కూడ వినిపిస్తది. ఇగ లాభం లేదని డబ్బా సంచిల పెట్టుకొని సూర్యాపేటల బస్సెక్కి హైదరాబాద్ ఇమ్లిబన్‌ల దిగి కోఠికి పోయిన.

షాపు చిన్నది, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి జాగ లేదు. కౌంటర్‌ల ఉండే పెద్దాయన ఏం కావాలె అని అడగలే, మూత తీసి చూపెట్టు అన్నడు. చూసి ముందుగాల ట్రాన్స్‌ఫార్మర్‌ని చేత్తో లేపి చూసిండు. "బరువు లేదు బిడ్డా, ఇది రాగిది కాదు" అన్నడు. బ్లేడుతో చుట్ట తీగ కొస గీకితే పైన ఎర్రగ ఉన్న పూత పోయి లోపల తెల్లగ మెరిసింది, అల్యూమినియం. నాకు అమ్మినోళ్లు 24-0-24 (నడిమి వైరుకి అటు ఇటు 24 వోల్ట్లు), 5 ఆంప్స్, పూర్తి కాపర్ అని రాసిన్రు, చాన కోపం వచ్చింది. అదే మందం తీగల అల్యూమినియంకి రాగి కంటె రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్ల పైన ఉంటది, అందుకే బేస్ కొట్టినప్పుడల్ల వోల్టేజ్ పడిపోయి మిగతా చానళ్లు కూడ గరగర అంటున్నయ్ అని చెప్పిండు. సబ్‌వూఫర్‌కి వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకొమ్మన్నడు. స్పీకర్లు ఎన్ని ఓమ్స్ అని కూడ అడిగిండు, నావి 8 ఓమ్స్, అట్లయితే ఫర్వాలేదు, 24-0-24ని డీసీ చేస్తే అటు ఇటు 33 వోల్ట్ల దాక వస్తది, 4 ఓమ్స్ స్పీకర్లు ఆ ఐసీకి తగిలిస్తే మస్తు వేడెక్కుతది అన్నడు.

అసలు హమ్ సంగతి మాత్రం వైరింగ్‌ల ఉంది. నేను గ్రౌండ్‌ని ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి, దాన్నుంచి మూడోదానికి గొలుసు లెక్క కలుపుకుంట పోయిన. తప్పు అక్కడనే అన్నడు. డీసీని సాపు చేసే కెపాసిటర్లు చార్జ్ అయ్యే కరెంటు సెకనుకి 100 సార్లు ఆ వైర్లనే దెబ్బలు కొడతది, ఆ వైరు మీద ఒక్క మిల్లీవోల్ట్ తేడా వచ్చినా ఐసీ దాన్ని 30 రెట్లు పెంచి స్పీకర్‌కి పంపిస్తది. రెండు 10000 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్) కెపాసిటర్లు కలిసే జాయింట్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ నడిమి వైరు కలపాలె, అక్కడి నుంచి ఒక్క చిన్న తీగ బయటికి తీసి దాని కొసకి అన్ని బోర్డుల గ్రౌండ్లు, స్పీకర్ల మైనస్‌లు వేటికవే విడివిడిగ తెచ్చి కలపాలె. డీకోడర్ నుంచి వచ్చే షీల్డ్ వైరుల లోపలి తీగ చుట్టు ఉండే జాలిని ఒక్క దిక్కే గ్రౌండ్ చేయాలె. అట్టముక్క మీద పెన్నుతో బొమ్మ గీసిచ్చిండు, అది ఇప్పటికీ దాచుకున్న.

ఇంకోటి, 7294 వెనక రేకుకి మైనస్ సప్లయ్ కనెక్ట్ అయి ఉంటది, మైకా (కరెంటు ఆపే పల్చటి పొర) లేకుండ హీట్ సింక్‌కి (వేడి లాగే లోహం దిమ్మెకి) బిగిస్తే సింక్ మొత్తం మైనస్ అయితది, అదే సింక్ మీద సీ5200 పెడితే దాని కలెక్టర్ ప్లస్‌ల ఉంటది కాబట్టి సీదా షార్ట్. మల్టీమీటర్ బీప్ పెట్టి ఒక్కొక్కటి చూసినంకనే కరెంటు ఇయ్యమన్నడు, అది కూడ సిరీస్ బోర్డుల, అంటే కరెంటు వచ్చే దారిల 100 వాట్ల బల్బు పెట్టి (షార్ట్ ఉంటే బల్బు ఆరకుండ వెలుగుతది).

రాగి ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, కెపాసిటర్లు, బ్రిడ్జి (ఏసీని డీసీ చేసేది), షీల్డ్ వైరు, మైకా, ఇంకో 7294 బోర్డు ఎక్స్‌ట్రా, అన్నీ కలిపి 4,800 అయినయ్. ఇంటికొచ్చి రెండు రాత్రులు కూసొని వైరింగ్ మొత్తం పీకి మళ్ళ చేసిన. ఆన్ చేస్తే బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగ తగ్గిపోయింది, ట్వీటర్‌కి చెవి ఆనిచ్చి వింటే సన్నగ సుయ్ మంటుందే తప్ప హమ్ లేదు. ఆ నిశ్శబ్దం వినుకుంట చాన సేపు అట్లనే కూసున్న. టీవీల సౌండ్ అవుట్‌పుట్ పీసీఎం (రెండు చానళ్లే పోతయ్) మీద ఉండె, బిట్‌స్ట్రీమ్ (5.1 సౌండ్ అట్లనే డీకోడర్‌కి పోతది) చేసినంక వెనక స్పీకర్లు కూడ విడిగ మోగినయ్.

ఇగ తగ్గించిన స్టార్ సంగతి. వీళ్ల దగ్గర కొన్న ఆ ఎక్స్‌ట్రా బోర్డుల రెండు పిన్నుల నడుమ సోల్డర్ అంటుకొని ఉంది, బల్బు ఆరకుండ వెలుగుతనే ఉంటే తెలిసింది, సిరీస్ బల్బు పెట్టకపోతే ఐసీ కాలిపోతుండె. ఫొటో పంపితే మారు మాట లేకుండ మార్చి ఇస్త అన్నరు, కానీ దానికోసం మళ్ళ అంత దూరం పోవాలె, కొరియర్ చేయరంట. అమ్మేటప్పుడే ఒకసారి టెస్ట్ చేసి ఇస్తే దూరం నుంచి వచ్చేటోళ్లకి బాగుంటది. పోయేటోళ్లు పొద్దుగాల పొండ్రి, మధ్యాహ్నం దాటితే పెద్దాయనకి మాట్లాడే టైం దొరకదు, మీ డబ్బా కూడ వెంట తీస్కపోండ్రి.