కజిమియెజ్ డోల్నీనా, సాండోమియెజా: ఒక్క రోజే ఉంటే ఏది మేలు?

పోలండ్‌లో విస్తులా నది ఒడ్డున ఉన్న ఈ రెండు ఊళ్లదీ ఒకే మట్టి. లోయెస్ అంటారు. మంచుయుగంలో గాలి మోసుకొచ్చి పోసిన మెత్తటి పసుపు మన్ను. గోటితో గీకితే రాలుతుంది, నిలువునా కోస్తే మాత్రం గోడలా నిలబడుతుంది. రెండు ఊళ్లనూ పోల్చాలంటే ముందు ఈ మట్టి సంగతి తెలియాలి.

సాండోమియెజ్ పెద్దది, గుట్ట మీది ఊరు. 13వ శతాబ్దంలో మంగోలులు రెండుసార్లు ధ్వంసం చేసినా, 1286లో కొత్తగా పట్టణ హక్కులు పొంది లేచింది. వర్తకులు సరుకు దాచుకోవడానికి ఇళ్ల కింద నేలమాళిగలు తవ్వుకుంటూ పోయారు. ఆ గుల్ల నేల 1960ల్లో కుంగడం మొదలైతే, గని పనివాళ్లొచ్చి పూడ్చి ఊరిని నిలబెట్టారు. మిగిలిన మాళిగల్ని కలిపిన దారి సుమారు 470 మీటర్లు, టికెట్ కొని నడవొచ్చు. పైన 14వ శతాబ్దపు ఒపటోవ్‌స్కా ద్వారం ఇప్పటికీ ఉంది. కోటలు, చర్చిలు, రాజుల కాలం ఇష్టపడేవాళ్లకు ఇదే సరైన ఊరు.

నన్నడిగితే మాత్రం కజిమియెజ్ అంటాను. జనాభా మూడు వేలు కూడా లేదు, అంతా కాలినడకనే చూసేయొచ్చు. 16, 17 శతాబ్దాల్లో చుట్టుపక్కల పండిన ధాన్యం ఇక్కడే పడవలెక్కి గ్దాన్స్క్ రేవుకు పోయేది. ఏటి ఒడ్డున ఆనాటి గిడ్డంగులు కొన్ని ఇంకా ఉన్నాయి. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో చూడాలంటే సంత మైదానానికి రావాలి. 1615 నాటి, ప్షిబివా అనే వర్తక అన్నదమ్ముల జంట ఇళ్ల గోడలు శిల్పాలతో నిండి ఉంటాయి. 1650ల్లో స్వీడన్ సేనలు వచ్చిపడ్డాక వ్యాపారం పడిపోయింది, ఊరు చిన్నదిగానే మిగిలింది. ఊరి బయట, వాననీళ్లూ బండి చక్రాలూ ఏళ్ల తరబడి కోసిన లోయెస్ లోయలో నడిస్తే, రెండు పక్కలా చెట్ల వేళ్లు తలపైన వేలాడుతుంటాయి. పై నుంచి మట్టి పొడిపొడిగా భుజం మీద రాలుతుంది.

ఒకప్పుడు ఈ ఊళ్లో సగం దాకా యూదులే. 1942లో నాజీలు వాళ్లను ఊరు ఖాళీ చేయించి చావు శిబిరాల దారి పట్టించారు, సమాధి రాళ్లను పీకి దారుల్లో పరిచారు. యుద్ధం తర్వాత ఏరిన ఆ ముక్కలతో 1984లో ఊరి అంచున ఒక గోడ కట్టారు. కొన్నిటి మీద కొవ్వొత్తుల బొమ్మలు, సగంలో తెగిన హీబ్రూ అక్షరాలు. గోడ మధ్యలో పై నుంచి కింది దాకా వంకర పగులు, కావాలనే వదిలారు. అందులోంచి చూస్తే వెనక చెట్లు కనిపిస్తాయి. వాటి మొదళ్ల దగ్గర ఇంకా కొన్ని పాత సమాధి రాళ్లు ఉన్నాయి.