మూడు బంతుల స్పైరోమీటరు: ఊదేది కాదు, పీల్చేది

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల మందుల షాపుల్లో "ఊదే మిషను" అనడిగితే చేతిలో పెట్టేది ఇదే. ప్లాస్టిక్ పెట్టె, మూడు గదులు, మూడు బంతులు, ముడతల గొట్టం, చివర మౌత్‌పీస్. వస్తువు మంచిదే, జనం పెట్టిన పేరే తప్పు. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల అడుగున ముడుచుకున్న గాలి గదులు తెరుచుకోవాలంటే గాలి లోపలికి వెళ్లాలి. ఊదితే బంతులు కదలవు. కదల్లేదని ఇంకా గట్టిగా ఊదితే తల తిరుగుతుంది, నింద మిషను మీద పడుతుంది.

గందరగోళం మొదలయ్యేది పెట్టెలోని కాగితం దగ్గరే. అందులో ఇన్‌హేల్, ఎక్స్‌హేల్ అని ఉంటుంది. ఇంట్లో పిల్లలు దాన్ని ఉచ్ఛ్వాసం, నిశ్వాసం అని చదివి చెబుతారు. మంచం మీదున్న పెద్దాయనకు ఏది ఏదో తేలదు.

ఎక్స్‌హేల్ లాటిన్ నుంచి వచ్చిన మాట. 'హాలారే' అంటే ఊపిరి విడవడం, 'ఎక్స్' అంటే బయటికి. పలికేటప్పుడు ఊనిక 'హేల్' మీద పడాలి. స్పైరోమీటరులోని 'స్పైర్' ఇంకో లాటిన్ మాట 'స్పీరారే' నుంచి వచ్చింది. మందు అట్ట మీది ఎక్స్‌పైరీ కూడా ఆ ఇంటిదే: ఊపిరి వదిలేయడం, అంటే పోవడం. మన పత్రికల 'తుది శ్వాస విడిచారు'లో ఉన్నదీ ఆ ఊహే.

నిశ్వాసం అంటే నిః + శ్వాస, బయటికి పోయే ఊపిరి. 'నిస్వాసం' అనకూడదు, శ స్పష్టంగా పలకాలి. ఉచ్ఛ్వాసం అంటే ఉత్ + శ్వాస. మన పాఠ్యపుస్తకాల్లో దీనర్థం పీల్చడం, సంస్కృతంలో వదలడమనే అర్థమూ ఉంది. ఇలాంటి జంటను రోగి ముందు పెట్టడం ఎందుకు? ఊపిరి వదలడానికి యోగా వాళ్లు వాడే 'రేచకం' ఖాళీ చేయడమనే ధాతువు నుంచి పుట్టింది. విరేచనం దాని చుట్టమే కాబట్టి మంచం పక్కన అదీ వద్దు. "పీల్చు", "వదులు" చాలు.

వాడకం ఇలా. నిటారుగా కూర్చుని, మామూలుగా ఊపిరి వదిలేసి, మౌత్‌పీస్ చుట్టూ పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చాలి. బోండాంలో స్ట్రా వేసి లాగినట్టు బుగ్గలతో లాగితే బంతి ఎగిరి పడిపోతుంది. ఛాతీ నిండాలి. బంతిని 3 సెకన్లు పైనే నిలిపి, మౌత్‌పీస్ తీసేసి, వదలాలి. రెండు మూడు మామూలు శ్వాసల తర్వాతే మళ్లీ. ఎన్నిసార్లన్నది ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు చేయాలి. మధ్యలో దగ్గు వస్తే మంచిదే, కుట్ల మీద దిండు అదిమి దగ్గాలి.

మూడు బంతులూ లేపడం గొప్ప కాదు. గదుల మీద 600, 900, 1200 అని ఉండేవి సెకనుకు లోపలికి వెళ్లే గాలి సీసీలు (మిల్లీలీటర్లు). మూడింటినీ అర సెకను ఎగరేస్తే వెళ్లింది సుమారు 600 సీసీ. మొదటిదాన్నే 3 సెకన్లు నిలిపితే 1800. పెట్టెను వంచితే బంతులు తేలిగ్గా లేస్తాయి, అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. తలకిందులు చేస్తే మాత్రం నిజంగానే ఊదే మిషను అవుతుంది, కానీ అది డాక్టరు చెబితేనే.

కొనేటప్పుడు గొట్టం రెండు చివర్లూ బిగుతుగా కూర్చున్నాయో లేదో చూడండి. వదులుగా ఉంటే గాలి అక్కడి నుంచి దూరి, ఎంత పీల్చినా బంతి లేవదు. మౌత్‌పీస్‌ను సబ్బు నీళ్లతో కడగాలి, మరిగించకూడదు. విశాఖ ఉక్కకు గొట్టంలో తడి త్వరగా ఆరదు, బంతులు గోడకు అంటుకుంటాయి. గొట్టం ఊడదీసి ఫ్యాను కింద వేలాడదీయండి. ఒకరిది ఇంకొకరు వాడకూడదు.