పాత అలారం ప్యానెల్‌కు 4జీ కమ్యూనికేటర్: చిత్తూరులో ఒక సర్వీసు పనితీరు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు దొంగల అలారం అవసరం సీజన్‌లో కంటే సీజన్ ముగిశాకే ఎక్కువ. తోతాపురి కాయలు దిగే రోజుల్లో రాత్రింబవళ్ళు కూలీలూ లారీలూ తిరుగుతూనే ఉంటారు. ఆ తరువాత నెలల తరబడి గోడౌన్ నిండా గుజ్జు డ్రమ్ములు, షెడ్డులో రాగి తీగ చుట్టిన మోటార్లు, వాటన్నిటికీ కాపలాగా గేటు దగ్గర ఒక్క వాచ్‌మన్ ఉంటాడు. మా యూనిట్ అలారం ఇన్నాళ్ళూ రాగి తీగల ల్యాండ్‌లైన్ మీద, 2జీ సిమ్ మీద ఆధారపడి పనిచేసింది. ల్యాండ్‌లైన్ స్థానంలో ఫైబర్ వచ్చింది, షెడ్డులో 2జీ సిగ్నల్ అంతంత మాత్రమైంది. అందుచేత ఈ మార్పు పనిని చిత్తూరులోని ఒక చిన్న సర్వీసు సంస్థకు అప్పగించాము.

అంతకు ముందు మరో సంస్థ ప్రతినిధి వచ్చి, 2జీ రేపో మాపో ఆగిపోతుందనీ, ప్యానెల్ (అలారంను నడిపే ప్రధాన పెట్టె), సెన్సర్లు, వైరింగ్ అన్నీ తీసేసి కొత్తవి పెట్టక తప్పదనీ చెప్పి వెళ్ళారు. ఇందులో సగమే నిజం. మన దేశంలో ఎయిర్‌టెల్ వంటి సంస్థలు మూసివేసింది 3జీని. 2జీ ఇంకా నడుస్తూనే ఉంది. 2016లో వచ్చిన జియోకు మాత్రం మొదటి నుంచీ 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ పాత మోడెమ్‌లో పనిచేయదు. ఇక అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీని ఆపినప్పుడు, అంతకు ముందే గడువు పెంచమని అలారం కంపెనీలు అక్కడి నియంత్రణ సంస్థను వేడుకోవలసి వచ్చింది. ఆ పరిస్థితి ఇక్కడికి రాకముందే దారి మార్చుకోవడం మంచిదే. దారి మార్చడానికి ఇల్లంతా పడగొట్టనక్కర్లేదు.

చిత్తూరు సంస్థ చేసింది ఇదే. ప్యానెల్‌లో ఫోన్ వైరు తగిలించే రెండు టెర్మినళ్ళకు 4జీ కమ్యూనికేటర్‌ను కలిపింది. ఆ పెట్టె తానే టెలిఫోన్ లైన్ అయినట్టు ప్యానెల్‌కు డయల్ టోన్ ఇచ్చి, ప్యానెల్ పంపే కాంటాక్ట్ ఐడీ (అలారం ప్యానెళ్ళు ఫోన్ లైన్ మీద వాడే సంకేత పద్ధతి) టోన్లను విని, వాటిని డేటాగా మార్చి పంపిస్తుంది. దొంగతనం హెచ్చరికకు 130, కరెంటు పోతే 301, క్రమం తప్పకుండా పంపే పరీక్ష సందేశానికి 602 అనే పాత కోడ్‌లే ఇప్పటికీ వస్తున్నాయి. ఖర్చు మొదటి సంస్థ చెప్పిన దానిలో మూడో వంతు కూడా కాలేదు. ఫైబర్ ఫోన్‌కే ప్యానెల్‌ను కలిపితే ఇంకా చౌక కదా అని నేను అడిగాను. పాత రాగి లైన్‌కు ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టులు వచ్చేవి కనుక ఇక్కడ కరెంటు పోయినా ఫోన్ పోయేది కాదనీ, ఫైబర్ పెట్టెకు మన కరెంటే కావాలనీ, పైగా ఇంటర్నెట్ మీదుగా వెళ్ళే మాటలో ఆ టోన్లు చెదిరిపోవచ్చనీ టెక్నీషియన్ ఓపికగా వివరించారు.

నాకు అన్నిటికంటే నచ్చింది వారి పరీక్ష. రేకుల షెడ్డులో సిగ్నల్ నిలవదని గుర్తించి, యాంటెన్నాను కేబుల్‌తో పిట్టగోడ మీదికి చేర్చారు. ఆ తరువాత మెయిన్ స్విచ్ ఆపి, బ్యాటరీ మీదనే షట్టర్ ఎత్తించి, నా ఫోన్‌కు 130 వచ్చేదాకా ఊరుకోలేదు. సాయంత్రం దాకా బ్యాటరీ మీదనే ఉంచాక, పాత 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ అప్పటికే చేవ చచ్చిందని తేలింది, దాన్ని మార్చారు. ఇంకొక సంగతి కూడా వారి కంట పడింది. గోడౌన్ జోన్‌లో, అంటే అక్కడి సెన్సర్ల తీగల జతలో, తీగలను ఎవరైనా కలిపేస్తే ప్యానెల్‌కు తెలియజేసే చివరి రెసిస్టర్‌ను తలుపు దగ్గర పెట్టవలసింది పోయి, ఎవరో ప్యానెల్ పెట్టెలోనే బిగించారు. అలా ఉంటే దారిలో రెండు తీగలను కలిపి ముడివేసిన దొంగకు షట్టర్ ఎత్తినా సైరన్ మోగదు. దాన్ని తీసి, తలుపు కాంటాక్ట్ దగ్గర సోల్డర్ చేసి, తీగలు కలిపి చూపించారు, వెంటనే మోగింది. బిల్లులో లేని పని ఇది.

లోపాలూ ఉన్నాయి. యాప్ పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. మా వాచ్‌మన్‌కు అది పనికిరాదు, ఆయనకు సైరనే దిక్కు. హెచ్చరిక నోటిఫికేషన్‌గా మాత్రమే వస్తోంది కాబట్టి, ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి నిద్రపోయే యజమానికి తెల్లవారాకే తెలుస్తుంది. వాయిస్ కాల్ కావాలంటే అదనపు రుసుము అడుగుతున్నారు, ఈ పనిలో అది అదనం ఎలా అవుతుందో నాకు బోధపడలేదు. సిమ్‌ను మొదట తమ పేరు మీదనే తెచ్చారు. రీఛార్జి గడువు ముగిసిన సిమ్ ఉన్న అలారం గోడకు తగిలించిన డబ్బాతో సమానం కనుక, ఆ గడువు మన చేతిలోనే ఉండాలని పట్టుబట్టి యూనిట్ పేరు మీద వేరే సిమ్ తీసుకున్నాము.

కమ్యూనికేటర్ కొన్ని నిమిషాలకొకసారి సర్వర్‌ను పలకరిస్తుంది. ఆ పలకరింపు ఆగితే యాప్‌లో ఎర్ర గుర్తు వస్తుంది. పాత ల్యాండ్‌లైన్ మీద రోజుకొక్క పరీక్ష సందేశమే వెళ్ళేది. మొన్నటి గాలివానకు యాంటెన్నా కేబుల్ ఊడినప్పుడు ఆ ఎర్ర గుర్తు చూసే ఫోన్ చేశాను, మరునాడు మధ్యాహ్నానికి వచ్చి బిగించి వెళ్ళారు. అదే రాత్రి వచ్చి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి. వార్షిక నిర్వహణ ఒప్పందం మాత్రం వారితోనే చేసుకున్నాము, వాయిస్ కాల్ రుసుము తగ్గించాలన్న షరతు మీద.